పెద్ద పీఈడీ ఉన్న కంటికి మొదటి ఇంజక్షన్: ఆర్‌పీఈ చిరుగుతుందేమో ఓసీటీలో ముందే ఎంతవరకు చెప్పగలం?

ఓసీటీ_గది అడిగిన ప్రశ్న

నమస్కారం అండి. వెట్ ఏఎమ్‌డీ (వయసుతో రెటీనా మధ్యలో కొత్త రక్తనాళాలు పెరిగి కారే జబ్బు) కేసు ఒకటి, వచ్చే వారం మొదటి యాంటీ-వీఈజీఎఫ్ (ఆ నాళాల్ని అణిచే మందు) ఇంజక్షన్. ఆర్‌పీఈ (రెటీనా అడుగున ఉండే రంగు కణాల పొర) టియర్, అంటే చిరుగు, రిస్క్ ఎంత ఉందో ఓసీటీ స్కాన్లు (రెటీనాని అడ్డకోతలో చూపించేవి) చూసి ఫైల్లో రాసి పెట్టమని మా రెటీనా డాక్టర్ గారు అన్నారు. నేను ఆప్టోమెట్రిస్టుని. స్కాన్ తీయడం వరకు ఇబ్బంది లేదు, తీసిన దాంట్లో దేన్ని రిస్క్ అనాలో అక్కడే తేలడం లేదు.

కొలతలు ఇవీ. కుడి కన్ను, చూపు 6/24. మాక్యులా (మధ్య చూపు చూసే భాగం) మధ్యలో ఒకటే పెద్ద పీఈడీ, అంటే ఆర్‌పీఈ ఉబ్బి పైకి లేచిన చోటు. మిషన్ చూపించిన సెంట్రల్ థిక్‌నెస్ 790 మైక్రాన్లు. కాలిపర్ పెట్టి నేను కొలిస్తే పీఈడీ ఎత్తు ఒక స్కాన్లో 540, ఇంకో స్కాన్లో 620 వచ్చింది. అడుగు వెడల్పు దాదాపు 3.4 మిల్లీమీటర్లు. లోపల చాలా భాగం నల్లగా ఖాళీగా ఉంది, అంటే సీరస్ (లోపల నీరే). ముక్కు వైపు అంచు దగ్గర మాత్రం ఆర్‌పీఈ కింది వైపుకి అంటుకుని బూడిదరంగు ముద్ద ఒకటి కనిపిస్తోంది. ఎఫ్‌ఎఫ్‌ఏలో (రంగు మందు ఎక్కించి తీసే రెటీనా ఫోటో) కూడా పీఈడీ నిండు గుండ్రంగా లేదు, ముక్కు వైపు నొక్కు పడినట్టు ఉంది. చూపు తగ్గి రెండు నెలలే అయిందంటున్నారు. ఎడమ కంట్లో మెత్తటి డ్రూసెన్ (ఆర్‌పీఈ కింద పేరుకునే మచ్చలు), ఒక చిన్న పీఈడీ, ఫ్లూయిడ్ లేదు.

సందేహాలు: 400 మైక్రాన్లు దాటితే రిస్క్ అని ఒకరు, 550 అని ఇంకొకరు అంటారు. ఏది పట్టుకోవాలి? 540, 620 లో ఏది రాయాలి? రిస్క్ ఎక్కువని తేలితే ఇంజక్షన్ ఆపాలా, మందు మార్చాలా, డోసు తగ్గించాలా? పేషెంట్ వాళ్లబ్బాయి మాత్రం ఒకటే అడుగుతున్నారు: "ఇంజక్షన్ వేయిస్తే ఉన్న చూపు కూడా పోతుందా?"

రెటీనా_ఓపీ జవాబు

ఎత్తు ఒక్కటే పట్టుకుంటే మోసపోతారండి. మీరు రాసిన దాంట్లో అన్నిటికంటే ఆలోచించాల్సింది 620 అంకె కాదు. ఖాళీగా ఉబ్బిన గుమ్మటానికి ఒక పక్కన మాత్రమే అంటుకుని ఉన్న ఆ ముద్ద.

చిరగడం ఎలా జరుగుతుందో చూస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. పీఈడీ అంటే ఆర్‌పీఈ పొర తన కింద ఉండే బ్రుక్స్ మెంబ్రేన్ మీద నుంచి ఊడి పైకి లేవడం. కొత్త రక్తనాళాల వల, మనం సీఎన్‌వీ అనేది, ఆ లేచిన పొర అడుగున అంటుకుని పెరుగుతుంది. ఇంజక్షన్ పడగానే వల నుంచి కారడం తగ్గుతుంది, వల కూడా ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడు తనకి అంటుకున్న ఆర్‌పీఈని తన వైపుకి లాగుతుంది. వల గుమ్మటం అడుగంతా పరుచుకుని ఉంటే ఆ లాగుడు అన్ని వైపులా పంచుకుంటుంది. ఒక మూలనే ఉంటే ఖాళీగా ఉన్న ఆర్‌పీఈ మొత్తం ఆ మూలకి లాగబడుతుంది. తెగేది వల ఉన్న చోట కాదు. దానికి ఎదురు వైపు, ఊడిన ఆర్‌పీఈ అంటుకుని ఉన్న ఆర్‌పీఈని కలిసే అంచు దగ్గర. తెగిన పొర వల వైపుకి చాప చుట్టినట్టు చుట్టుకుపోతుంది, వెనక బ్రుక్స్ మెంబ్రేన్, దాని కింద రక్తనాళాల పొర కోరాయిడ్ బోసిగా మిగులుతాయి.

ఈ లెక్కన మీ కేసులో ముద్ద, నొక్కు రెండూ ముక్కు వైపే ఉన్నాయి కాబట్టి చిరిగితే చెవి వైపు అంచున చిరుగుతుంది. తర్వాతి విజిట్‌లో ముందు చూడాల్సింది ఆ అంచునే. ఎఫ్‌ఎఫ్‌ఏలో పీఈడీకి నొక్కు ఉంటే ఆ నొక్కు దగ్గర సీఎన్‌వీ దాక్కుని ఉంటుందని రెటీనా నిపుణుడు గాస్ కాలం నుంచీ తెలిసిన సంగతే. సీఎన్‌వీ చిన్నది, పీఈడీ పెద్దది అయితే రిస్క్ పెరుగుతుంది. వల విస్తీర్ణం పీఈడీలో సగం కంటే తక్కువగా ఉన్న కళ్లలో టియర్లు ఎక్కువని బెవాసిజుమాబ్ అనే యాంటీ-వీఈజీఎఫ్ మందు వాడిన తొలి రోజుల్లోనే గమనించారు.

ఇక అంకెలు. 400 అన్నది 2010 లో చాన్ బృందం బెవాసిజుమాబ్ ఇచ్చిన కళ్ల మీద చూపించిన గీత. 550, 580 లాంటివి ఆ తర్వాత వచ్చిన పేపర్లవి. వాటిలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని కాదు. రిస్క్ ఎత్తుతో పాటు పెరుగుతూ పోతుంది, ఎవరి పేషెంట్లలో వాళ్లు ఒక చోట గీత గీశారు. నేనైతే 400 దాటితే "జాగ్రత్త" అని, 550 దాటితే "ఎక్కువ" అని రాస్తాను. 395 వచ్చిన కంటికి రిస్క్ లేదని మాత్రం రాయను.

ఎత్తుకి ఇంత ప్రాధాన్యం ఎందుకో చిన్న లెక్కలో తెలుస్తుంది. అడుగు 3.4 మిల్లీమీటర్లు, ఎత్తు 0.3 అయితే గుమ్మటం పైన వంపు పొడవు సుమారు 3.47 వస్తుంది. అంటే పొర అడుగు కంటే 2 శాతం ఎక్కువ సాగింది. అదే అడుగు మీద ఎత్తు 0.62 అయితే వంపు 3.69, సాగుడు 8 నుంచి 9 శాతం. ఎత్తు రెట్టింపయితే సాగుడు నాలుగింతలు అవుతోంది. ఇది జామెట్రీ మాత్రమే, కంట్లో పొర సాగే తీరు ఇంత సాఫీగా ఉండదు. అయినా కొత్త పీఈడీలు పాతవాటికంటే ఎందుకు ఎక్కువ చిరుగుతాయో దీన్నిబట్టి ఊహించవచ్చు: త్వరగా లేచినదానికి సర్దుకునే వ్యవధి ఉండదు. నాలుగైదు నెలల లోపు పీఈడీలకు రిస్క్ ఎక్కువని రిపోర్టులు ఉన్నాయి. మీది రెండు నెలలంటున్నారు, అది కూడా ఫైల్లో రాయండి.

ఇవేవీ లేని పీఈడీలు కూడా ఉంటాయి. లోపలంతా పొరలు పొరలుగా నిండిపోయిన పాత ఫైబ్రోవాస్క్యులర్ (నాళాలు, మచ్చ కణజాలం కలిసిన) పీఈడీ, తక్కువ ఎత్తులో ఎగుడుదిగుడుగా పరుచుకున్నది, వీటి గురించి అంత కంగారు పడక్కర్లేదు.

స్కాన్_డెస్క్ జవాబు

కొలత సంగతి నేను చెప్తాను. 540, 620 లో ఏదీ అబద్ధం కాకపోవచ్చు, రెండు వేర్వేరు చోట్ల కోసిన స్కాన్లు అయి ఉంటాయి. అన్నిటికంటే ఎత్తైన చోటు దొరికేదాకా వెతికి అదే రాయాలి.

స్పెక్ట్రాలిస్ అనే ఓసీటీ మిషన్‌లో మామూలుగా వాడే 25 లైన్ల వాల్యూమ్‌లో లైన్‌కీ లైన్‌కీ మధ్య 240 మైక్రాన్ల ఎడం ఉంటుంది. గుమ్మటం కొన అందులో తప్పిపోతుంది, చిన్న చిరుగు అయితే పూర్తిగా తప్పిపోతుంది. ఇలాంటి కంటికి 97 లైన్లు పెట్టండి, ఎడం 60 మైక్రాన్లకు దిగుతుంది. పేషెంట్ అంతసేపు చూపు నిలబెట్టలేకపోతే కనీసం 49. సిరస్ మిషన్‌లో 512 × 128 క్యూబ్ తీస్తే 6 మిల్లీమీటర్లకి 128 లైన్లు, అంటే 47 మైక్రాన్ల ఎడం, అది చాలు. దాని తర్వాత కొన మీదుగా అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి హై-రిజల్యూషన్ లైన్ తీయండి, ఈడీఐ (లోతు పొరలు స్పష్టంగా చూపే మోడ్) ఆన్ చేసి. ముక్కు వైపు ముద్ద, చెవి వైపు అంచు రెండూ అడ్డం లైన్లో ఒకేసారి పడాలి.

సెంట్రల్ థిక్‌నెస్ 790 ని రిస్క్ దగ్గర రాయకండి. స్పెక్ట్రాలిస్ ఐఎల్ఎమ్ (రెటీనాలో అన్నిటికంటే లోపలి పొర) నుంచి బ్రుక్స్ మెంబ్రేన్ వరకు కొలుస్తుంది కాబట్టి రెటీనా, పీఈడీ కలిపి వస్తుంది. సిరస్ ఐఎల్ఎమ్ నుంచి ఆర్‌పీఈ వరకే కొలుస్తుంది, పీఈడీ ఎంత పెద్దదైనా అందులో కనపడదు. పైగా ఇంత ఎత్తు పీఈడీలో మిషన్ తానే పొరల హద్దుగా గీసే సెగ్మెంటేషన్ గీత ఎక్కడో ఒకచోట జారుతుంది. కాలిపర్‌తో చేత్తోనే కొలవాలి, మరో దారి లేదు.

కాలిపర్ పెట్టే ముందు చూసుకోవాల్సినవి:

డిస్‌ప్లే 1:1 మైక్రాన్ మోడ్‌లో ఉందా? 1:1 పిక్సెల్‌లో బొమ్మ నిలువుగా సాగి కనిపిస్తుంది. స్కాన్ కొంచెం ఏటవాలుగా పడినప్పుడు ఆ సాగిన బొమ్మలో బ్రుక్స్‌కి లంబంగా గీశామనుకున్నది నిజానికి లంబం కాదు. మీ రెండు అంకెల తేడాకి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

గుమ్మటం కింద సిగ్నల్ చచ్చిపోయి బ్రుక్స్ కనపడకపోతే పీఈడీ రెండు అంచుల్ని కలుపుతూ గీత గీసి దాని మీద నుంచి కొలవండి. అలా కొలిచినట్టు పక్కన రాయండి. తర్వాతిసారి ఇంకొకరు ఇంకోలా కొలిస్తే "తగ్గింది" అనే భ్రమ వస్తుంది.

కొన స్కాన్ విండో పై అంచుని తాకుతుంటే బొమ్మ తిరగబడి మడత పడుతుంది. మిషన్‌ని వెనక్కి జరిపి మళ్లీ తీయడమే.

ఇక ఎత్తు తర్వాత నేను చూసేది ఇన్‌ఫ్రారెడ్ ఫోటో. చాలామంది దాన్ని స్కాన్ ఎక్కడ పడిందో చూసుకోవడానికి మాత్రమే వాడతారు, అది వృథా. పీఈడీ మీద సీఎన్‌వీ ఉన్న వైపు నుంచి బయలుదేరి ఎదురు అంచు దాకా పోయే తెల్లటి సన్న గీతలు ఉన్నాయేమో చూడండి. లాగుడు అప్పటికే మొదలైందనడానికి అవి గుర్తు. ఆ గీతల మీదుగా అడ్డంగా ఓసీటీ లైన్ వేస్తే ఆర్‌పీఈ బొడిపెలు బొడిపెలుగా ముడతలు పడి కనిపిస్తుంది. ఫోటోలో బ్రైట్‌నెస్ ఎక్కువ పెడితే ఈ గీతలు మాయమవుతాయి, సెన్సిటివిటీ నాబ్ ఒక మెట్టు తగ్గించి ఇంకో ఫోటో తీసుకోండి. ఇంజక్షన్‌కి ముందే గీతలు ఉండి, తర్వాతి విజిట్‌కి ఎక్కువైతే నా దృష్టిలో అది ఎత్తు అంకె కంటే పెద్ద హెచ్చరిక.

ఆటోఫ్లోరెసెన్స్ (ఆర్‌పీఈ తనంతట వెలిగే వెలుగుని పట్టే ఫోటో) కూడా ఒకటి తీయండి. పీఈడీ అంచున పదునైన హద్దులున్న చిన్న నల్లటి చుక్క లేదా నెలవంక కనిపిస్తే అది మైక్రోరిప్ కావచ్చు, పెద్ద చిరుగుకి ముందు వచ్చేది. ఓసీటీలో అదే చోట చూస్తే ఆర్‌పీఈ తెల్లటి పట్టీ కొద్దిమేర తెగి, తెగిన చోట కింద కోరాయిడ్‌లోకి వెలుగు చారలా దిగుతుంది. అట్రఫీ (పొర అరిగిపోవడం) ఉన్నచోట కూడా వెలుగు దిగుతుంది, కంగారుపడి రాసేయకండి. అట్రఫీలో ఆర్‌పీఈ నెమ్మదిగా పలచబడి ఆగుతుంది. చిరుగులో కత్తిరించినట్టు ఆగుతుంది, ఒక కొస కొంచెం పైకి లేచో మడతపడో ఉంటుంది. పక్కపక్కన రెండు లైన్లలోనైనా కనిపించాలి. ఒక్క లైన్లోనే ఉంటే పైన రక్తనాళం నీడ పడిందేమో చూడండి.

ఓసీటీ_గది

ధన్యవాదాలు సర్. 97 లైన్లతో మళ్లీ తీశాను, కొన 635 వచ్చింది, 1:1 మైక్రాన్ మోడ్‌లో. ఇన్‌ఫ్రారెడ్‌లో ముక్కు వైపు నుంచి మూడు నాలుగు సన్న గీతలు ఉన్నాయి, మధ్య దాకా వచ్చి ఆగాయి. ఆటోఫ్లోరెసెన్స్‌లో అంచున నల్ల చుక్కలేమీ లేవు. మరి ఇంజక్షన్ సంగతి? గీతలు కూడా ఉన్నాయంటే వాయిదా వేయమని డాక్టర్ గారికి చెప్పొచ్చా?

మాక్యులా_క్లినిక్ జవాబు

వాయిదా వద్దమ్మా. రిస్క్ తెలుసుకోవడం ఇంజక్షన్ మానడానికి కాదు.

సీఎన్‌వీ ఉన్న పీఈడీని అలాగే వదిలేస్తే రక్తం కారుతుంది, మచ్చ కడుతుంది, చూపు ఎలాగూ పోతుంది. చిరుగు కూడా ఇంజక్షన్ లేకుండానే వస్తుంది. ఈ చిరుగుల్ని బర్డ్ బృందం మొదటిసారి వర్ణించింది 1981 లో, అప్పటికి యాంటీ-వీఈజీఎఫ్ ఇంజక్షన్ అన్నదే లేదు. లేజర్ తర్వాత, పీడీటీ (మందు ఎక్కించి వెలుగుతో నాళాల్ని మూసే వైద్యం) తర్వాత కూడా చిరిగిన కేసులు ఉన్నాయి. కాబట్టి "ఇంజక్షన్ వేస్తే చిరగొచ్చు" అన్నది సగం నిజం. "ఈ జబ్బులోనే చిరిగే గుణం ఉంది, మందు పనిచేయడం మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆ అవకాశం ఎక్కువ" అన్నది మొత్తం నిజం.

మందు మార్చడం. బెవాసిజుమాబ్ 1.25 మిల్లీగ్రాములు, రానిబిజుమాబ్ 0.5, అఫ్లిబెర్సెప్ట్ 2, ఫారిసిమాబ్ 6, అన్నీ 0.05 మిల్లీలీటర్లలోనే ఇస్తాం. వీటిలో ఏది వేసినా చిరుగులు నమోదయ్యాయి. ఫలానా మందు వేస్తే చిరగదని నమ్మి పేషెంట్ చేత ఖర్చు పెట్టించడానికి తగిన ఆధారం లేదు. డోసు సగానికి తగ్గించి మెల్లగా దించుదామని కొందరు ప్రయత్నించారు. ఆలోచన బాగానే ఉంది గానీ దానివల్ల చిరుగులు తగ్గాయని గట్టిగా చూపించిన ట్రయల్ లేదు, తక్కువ డోసుతో జబ్బు అదుపు తప్పే ప్రమాదం మాత్రం ఉంది. నేను మామూలు డోసు, మామూలు నెలనెలా లోడింగ్ (మొదట్లో వరసగా ఇచ్చే డోసులు) మాత్రమే ఇస్తాను. పెద్ద సీరస్ పీఈడీ మీద పీడీటీ కలపడం మాత్రం ఇష్టపడను.

మార్చాల్సింది విజిట్ల షెడ్యూలు. చిరుగుల్లో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు మూడు ఇంజక్షన్ల చుట్టూనే వస్తాయి. ఆలస్యంగా వచ్చేవీ ఉన్నాయి కానీ తక్కువ. మీ కేసులాంటిదానికి:

మొదటి ఇంజక్షన్ రోజున, వేయడానికి ముందు, మీరు తీసిన సెట్ మొత్తం: దగ్గర లైన్ల వాల్యూమ్, రెండు ఈడీఐ లైన్లు, ఇన్‌ఫ్రారెడ్, ఆటోఫ్లోరెసెన్స్. ఇది లేకపోతే రేపు చిరుగు ఇంజక్షన్‌కి ముందే ఉందా తర్వాత వచ్చిందా ఎవరూ చెప్పలేరు.

రెండు వారాలకి ఒక ఓసీటీ, ఇంజక్షన్ లేకుండా. ఫాలో-అప్ మోడ్‌లో, అదే చోట. ఇన్‌ఫ్రారెడ్ గీతలు చెవి వైపు అంచుకి చేరాయా చూడండి. ఎత్తు అంత త్వరగా పడిపోతే సంతోషించేముందు అంచు చూడండి. చిరిగినా గుమ్మటం కూలుతుంది, ఎత్తు తగ్గిందనే కనిపిస్తుంది.

నాలుగో వారం రెండో ఇంజక్షన్‌కి ముందు మళ్లీ ఓసీటీ. వరసలో కూర్చోబెట్టి చుక్కలు వేసి నేరుగా థియేటర్‌కి పంపే పద్ధతి ఈ పేషెంట్‌కి పనికిరాదు.

ఇక వాళ్లబ్బాయి అడిగిన మాటకి కన్సెంట్ ఫారంలో వేలిముద్ర జవాబు కాదు. నేను దాదాపు ఇలా చెప్తాను, మీకు పనికొస్తే వాడుకోండి: "అమ్మా, మీ కంటి వెనక చూపు పొర కింద నీరు చేరి ఇంకో సన్న పొర పైకి ఉబ్బింది. వైద్యం చేయకపోతే అక్కడ రక్తం వచ్చి మధ్య చూపు పోతుంది. ఇంజక్షన్ ఆ నీటిని ఆపడానికి. కానీ మీకు ఉబ్బు చాలా ఎత్తుగా ఉంది. నీరు దిగేటప్పుడు ఆ పొర చిరిగే అవకాశం మామూలు వాళ్లకంటే మీకు ఎక్కువ. ఇలాంటి ఉబ్బు ఉన్న వందమందిలో పదిహేను ఇరవై మందికి అలా జరిగినట్టు లెక్కలున్నాయి. చిరిగితే చూపు ఒక్కసారిగా తగ్గొచ్చు. అది సూది గుచ్చుకోవడం వల్ల కాదు. చిరిగినా వైద్యం ఆపం. సరేనా, ఇంకేమైనా అడగాలా?"

సూది విషయం విడిగా చెప్పడం ముఖ్యం. సూది దిగేది నల్లగుడ్డు అంచు నుంచి 3.5 మిల్లీమీటర్లు, సొంత లెన్స్ ఉన్న కంటికి 4 మిల్లీమీటర్ల దూరంలో, విట్రియస్ అనే కంటి లోపలి జెల్లీలోకి. మాక్యులా దరిదాపుల్లోకి కూడా పోదు. ఈ మాట ముందే చెప్పకపోతే చిరిగిన రోజున "సూదితో తెర చింపేశారు" అంటారు, ఆ రోజు ఎంత వివరించినా సాకులాగే వినిపిస్తుంది.

ఫోన్ ఎత్తేవాళ్లకి కూడా ఒకటి నేర్పండి. ఇంజక్షన్ తర్వాత చూపు ఒక్కసారిగా తగ్గిందని ఫోన్ వస్తే నొప్పి, ఎరుపు, మసక పెరుగుతూ ఉండటం ఉన్నాయా అడగాలి. ఉంటే ఎండాఫ్తాల్మైటిస్ (కంటి లోపల ఇన్ఫెక్షన్) అనుకుని ఆ పూటే రప్పించాలి. నొప్పి, ఎరుపు లేకుండా మధ్యలో కొత్తగా నల్ల మచ్చ, గీతలు మరీ వంకర అయితే చిరుగో, రక్తమో. అదీ ఒకటి రెండు రోజుల్లో చూడాల్సిందే, కానీ మొదటిదానికి రాత్రి అయినా సరే.

డేటా_కన్ను జవాబు

రిస్క్ స్కోర్ తయారుచేద్దాం, ఓసీటీ బొమ్మలిచ్చి ఏఐ చేత చెప్పిద్దాం అనే ఆలోచన ఈ టాపిక్ వచ్చిన ప్రతిసారీ వస్తుంది. అడగకముందే నేనే చెప్పేస్తాను.

చిక్కు లెక్కలోనే ఉంది. ఉదాహరణకి పీఈడీ ఉన్న వంద కళ్లు, వాటిలో 15 చిరుగుతాయనుకుందాం. చిరిగేవాటిలో 80 శాతాన్ని పట్టుకుని, చిరగని వాటిలో 70 శాతాన్ని సరిగ్గా వదిలేసే మంచి పద్ధతి మన దగ్గర ఉందనుకుందాం. అది 12 నిజమైన చిరుగుల్ని పట్టుకుంటుంది, దాంతోపాటు చిరగని 25, 26 కళ్లకి కూడా గంట మోగిస్తుంది. "హై రిస్క్" అన్న ప్రతి ముగ్గురిలో ఒకరికే నిజంగా చిరుగుతుంది. ఈ అంకెలు చూశాక మాక్యులా_క్లినిక్ గారు వాయిదా వద్దని ఎందుకన్నారో ఇంకా స్పష్టమవుతుంది: ముగ్గురిలో ఇద్దరికి అనవసరంగా వైద్యం ఆపినవాళ్లం అవుతాం. రెండు వారాలకి ఒక ఓసీటీ ఎక్కువ తీయడానికైతే ముగ్గురిలో ఒకరు అన్న కచ్చితత్వం బంగారం.

అదే పద్ధతిని పీఈడీ లేని వెట్ ఏఎమ్‌డీ కళ్లన్నిటి మీద నడిపితే చిరిగేవి ఇంకా తక్కువ కాబట్టి తప్పుడు గంటలే నిండిపోతాయి.

మోడల్ కడుతున్నవాళ్లు ఎక్కువగా జారేది రెండు చోట్ల. ఒకటి, ఒకే పేషెంట్ స్కాన్లు ట్రైనింగ్‌లోనూ టెస్టులోనూ పడటం. కన్ను వారీగా విడదీసినా చాలదు, రెండు కళ్లూ ఒకే వైపు పడేలా మనిషి వారీగా విడదీయాలి. రెండు, "చిరగక ముందు స్కాన్" అని లేబుల్ వేసిన దాంట్లో మైక్రోరిప్ అప్పటికే ఉండటం. అప్పుడు మోడల్ రాబోయేదాన్ని కాదు, వచ్చేసిన దాన్నే చూసి చెప్తుంది, ఫలితం మాత్రం అద్భుతంగా కనిపిస్తుంది. పైన స్కాన్_డెస్క్ చెప్పిన 240 మైక్రాన్ల ఎడం ఇక్కడ కూడా దెబ్బ కొడుతుంది, ఎందుకంటే లేబుల్ వేసినవాళ్లకి ఆ మైక్రోరిప్ కనపడే లైన్ అసలు ఉండదు.

మీ ఒక్క కేసుకి మోడల్ అక్కర్లేదు. 635 ఎత్తు, ఒక పక్కనే చిన్న సీఎన్‌వీ, నొక్కు, రెండు నెలల వయసు, ఇన్‌ఫ్రారెడ్ గీతలు. ఇన్ని ఒకే వైపు చూపిస్తుంటే "ఎక్కువ" అని రాయడానికి సందేహించక్కర్లేదు.

ఓసీటీ_గది

రాసేశాను సర్, కన్సెంట్ మాట కూడా డాక్టర్ గారికి చూపించాను. చివరి ప్రశ్న. ఒకవేళ చిరిగితే ఫైల్లో ఏం రాయాలి, ఇంజక్షన్లు కొనసాగించడం అంటే ఎంతకాలం?

రెటీనా_ఓపీ జవాబు

శరఫ్ బృందం 2010 లో ఇచ్చిన గ్రేడింగ్ రాయండి, అందరికీ అర్థమవుతుంది. చిరుగు పొడవు 200 మైక్రాన్ల లోపు అయితే గ్రేడ్ 1. 200 నుంచి ఒక డిస్క్ (ఆప్టిక్ నరం తల) వెడల్పు వరకు గ్రేడ్ 2. డిస్క్ వెడల్పు దాటితే గ్రేడ్ 3. డిస్క్ వెడల్పు దాటి ఫోవియా (మాక్యులా నడిబొడ్డు) మధ్యని కూడా కలుపుకుంటే గ్రేడ్ 4. కొలవాల్సింది ఆర్‌పీఈ వెనక్కి లాగుకుపోయిన దిశలో, అన్నిటికంటే పొడవున్న చోట. ఆటోఫ్లోరెసెన్స్‌లో ఇది తేలిక: బోసి భాగం పదునైన హద్దుతో నల్లగా, దాని పక్కన చుట్టుకుపోయిన ఆర్‌పీఈ ప్రకాశంగా ఉంటుంది. ఓసీటీలో పట్టీ తెగి, చుట్టుకున్న కొస మందంగా, బోసి భాగం కింద కోరాయిడ్ వెలిగిపోతూ కనిపిస్తుంది.

ఫైల్లో, రిఫరల్ లెటర్లో "ఆర్‌పీఈ టియర్" అని పూర్తిగా రాయండి. ఉత్త "రెటీనల్ టియర్" అని రాస్తే ఇంకో ఊళ్లో చూసేవాళ్లు అంచున పడే చిరుగు అనుకుని లేజర్ కోసం వెతుకుతారు. దీనికి చుట్టూ లేజర్ వేయాల్సిన పని లేదు, మాక్యులాలో వేస్తే ఉన్నది కూడా పాడవుతుంది.

కొనసాగించడం గురించి. గ్రేడ్ 1, 2, 3 లో ఫోవియా కింద ఆర్‌పీఈ మిగిలి ఉంటే ఇంజక్షన్లు ఆపకుండా ఇచ్చిన కళ్లలో చూపు నిలవడం, కొన్నిట్లో మెరుగవడం కూడా ఉంది. భయపడి ఆపేస్తే చుట్టుకున్న ఆర్‌పీఈ కింద ఉన్న సీఎన్‌వీ మళ్లీ విజృంభించి బోసి భాగం మీద మచ్చ కడుతుంది. చిరిగిన వెంటనే సబ్-రెటీనల్ ఫ్లూయిడ్ (రెటీనా కింద నీరు) పెరిగినట్టు కనిపిస్తే మందు పనిచేయడం లేదని తేల్చేయకండి. నీటిని తోడే ఆర్‌పీఈ అక్కడ లేదు, అందుకని కొంత ఫ్లూయిడ్ నిలుస్తుంది. రెండు మూడు నెలలు అదే మందుతో చూసి అప్పుడు నిర్ణయించుకోవచ్చు. గ్రేడ్ 4 లో, మచ్చ పూర్తిగా కట్టి, కొత్త రక్తం, ఫ్లూయిడ్ ఏదీ లేకుండా ఉంటే ఆపడం న్యాయమే. అప్పుడు లో విజన్ విభాగానికి పంపండి, మాగ్నిఫయర్‌తో మందుల చీటీ చదవగలిగినా అది పెద్ద తేడా.

ఎడమ కంటి చిన్న పీఈడీని మరిచిపోకండి. ఒక కంట్లో చిరిగినవాళ్లకి రెండో కంట్లో కూడా చిరిగే అవకాశం ఎక్కువ. కుడి కంటికి వచ్చిన ప్రతిసారీ ఎడమ కంటికి కూడా అదే వాల్యూమ్ స్కాన్ తీయండి, ఇంట్లో పేషెంట్‌కి ఒక కన్ను మూసి ఆమ్స్‌లర్ గళ్లు (గీతలు వంకరగా కనపడుతున్నాయేమో చూసే గళ్ల కాగితం) చూపించడం వాళ్లబ్బాయికి నేర్పండి. ఆ పీఈడీలో ఫ్లూయిడ్ మొదలైన రోజున ఎత్తు ఇంకా 200, 250 లోనే ఉంటే వైద్యం చాలా తేలిక.